పొట్లకాయ కుక్క మీద నేను రాసిన సర్టిఫికెట్

1936 నవంబరులో నేను తాడేపల్లిగూడెం హెడ్‌క్వార్టర్సుగా టూరింగ్ వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్ ఉద్యోగం చేస్తున్నాను. పేరు పొడుగే గాని హోదా పొట్టి. నా పైన ఏలూరులో జిల్లా ఆఫీసరు, ఆయన పైన మద్రాసులో ఇంకెవరెవరో ఉండేవారు. నా కింద మాత్రం సీరం పెట్టె మోసే మనిషి ఒక్కడే. ఆస్పత్రి ఉన్న అసిస్టెంటు బల్ల ముందు కూర్చుంటే పశువు అతని దగ్గరికి నడిచి వస్తుంది. టూరింగ్ వాడు పశువు దగ్గరికి నడిచి వెళతాడు. చదువు ఒకటే, పరీక్ష ఒకటే. తేడా అంతా మోకాళ్ళలో తెలుస్తుంది.

ఆ నెలలో కొల్లేటి లంకల్లో గేదెలకి పెద్దరోగం తగిలింది. కాగితాల మీద రిండర్‌పెస్ట్ అని రాసేవాళ్ళం. నోరు పూసి, పారుడు పట్టి, వారం తిరక్కుండా పశువు పడిపోయేది. పడ్డవాటికి చేయగలిగింది లేదు. చుట్టుపక్కల ఊళ్ళలో ఇంకా బాగున్నవాటికి సీరం సూది వేసి, రోగం దాటకుండా అడ్డుకట్ట వేయడమే మా పని. లంకకి దోనె మీద వెళ్ళాలి. దిగాక మోకాలి లోతు బురద. గేదెని ఇద్దరు కొమ్ములు పట్టుకుంటే మూడోవాడు తోక పట్టుకునేవాడు. సూది పట్టుకున్న నేను దేవుణ్ణి పట్టుకునేవాణ్ణి. రోజుకి ఐదు వందల పశువులకి సూది వేశానని మా మనవలకి చెబుతూ వచ్చాను. అప్పటి టూరు డైరీ ఇప్పుడు నా ముందు ఉంది. అన్నింటికన్నా ఎక్కువ వేసిన రోజు లెక్క నూట పన్నెండు. మూడు వారాలు అలా గడిచాక నాకు పశువులంటేనే కాదు, నాలుగు కాళ్ళున్న మంచమన్నా విసుగు పుట్టింది.

ఇక అసలు సంగతి. ఈ కథ నేను నలభై యేళ్ళుగా చెబుతున్నాను. పెన్షనర్ల సంఘంలో చెప్పాను, పెళ్ళి పందిళ్ళలో చెప్పాను, ఒకసారి పశువైద్య విద్యార్థుల సభలో దండ వేయించుకుని మరీ చెప్పాను. అప్పుడు చెప్పే పద్ధతి ఇది: కాలువల శాఖ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారి విదేశీ కుక్కకి జబ్బు చేసింది. జిల్లాలో ఎవరికీ అంతు చిక్కలేదు. ఆయన టెలిగ్రాం ఇచ్చి నన్ను పిలిపించారు. నేను వెళ్ళి, దాని వెన్నుమీద ఒక్కసారి బొటనవేలు నడిపి, "ఇది పిచ్చి కాదు, వెన్ను నొప్పి" అన్నాను. తుపాకి కింద పడింది. కుక్క బతికింది.

ఇందులో కుక్క బతకడం నిజం. తక్కినది ఇప్పుడు సరిదిద్దుతాను. వయసు మీదపడ్డాక అబద్ధం మోయడం కూడా బరువే.

టెలిగ్రాం రాలేదు. నేను ఆకివీడు సత్రంలో, బురదలో నాని పాసిపోయిన పాదాలు వేడినీళ్ళలో పెట్టుకుని కూర్చుని ఉంటే, ఇంజనీరు గారి బిళ్ళ బంట్రోతు నారాయుడు సైకిలు మీద వచ్చాడు. అతని కుడిచేతికి గుడ్డ కట్టు ఉంది. దొరగారి పడవ ఊరి బయట కాలువలో కట్టి ఉందనీ, కుక్కకి పిచ్చెక్కి తనను కరిచిందనీ, దొరగారు వెంటనే రమ్మన్నారనీ చెప్పాడు. తెల్లవాళ్ళైనా మనవాళ్ళైనా ఆ హోదాలో ఉన్నవారిని బంట్రోతులు దొరగారనే అనేవారు. ఈయన మనవాడే.

"కరిచి ఎన్ని రోజులైంది?" అన్నాను.

"నిన్న పొద్దున్నండీ. రాత్రి నుంచీ గొంతులో ఏదో అవుతోందండీ. మొరుగు వచ్చేస్తుందేమోనండీ, డాక్టరు గారూ."

మొరుగు అంత తొందరగా రాదని చెప్పి, పాదాలు తుడుచుకుని లేచాను.

ఆ రోజుల్లో కాలువల శాఖ పెద్ద ఆఫీసర్లు హౌస్‌బోటు మీద క్యాంపు తిరిగేవారు. రెండు గదులు, వెనక వంటకి చోటు, పైన కప్పు. గాలి ఉంటే తెరచాప, లోతు తక్కువైతే గెడ, ఈ రెండూ లేనప్పుడు ఇద్దరు మనుషులు గట్టు మీద నడుస్తూ భుజాన తాడు వేసుకుని లాగేవారు. ఇంజనీరు గారు కొల్లేటి నుంచి ఉప్పుటేరు దాకా పూడిక చూసుకుని వచ్చారు. పని అయిపోయింది. మర్నాడు రైలెక్కి ఏలూరు బంగళాకి వెళ్ళిపోవాలని ఏర్పాటు. పడవ వారం రోజులు ఆకివీడులోనే ఉంటుందనీ, పడవ వాళ్ళు ఇళ్ళకి పోయి రావచ్చనీ ఉత్తర్వు కూడా అయింది.

కుక్క పేరు బ్రూనో. మద్రాసు నుంచి వెళ్ళిపోతున్న ఒక తెల్ల ఆఫీసరు దాన్ని వీరికి ఇచ్చి వెళ్ళాడట. డాక్స్‌హుండ్ జాతి. చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను: నేలకి జానెడెత్తు, పొడుగు మాత్రం మూరన్నర, చెవులు తమలపాకులు. పడవ వాళ్ళు దాన్ని పొట్లకాయ అనేవాళ్ళు. "పొట్లకాయ గారు లేచారా? కాఫీ అయిందా?" అని పొద్దున్నే పలకరించుకునేవాళ్ళట.

ఇంజనీరు గారు మాట తక్కువ మనిషి. లక్షణాలు ఆయనే వరసగా చెప్పారు, ఎస్టిమేటు చదివినట్టు. మూడు రోజుల నుంచి తిండి లేదు. మంచం కింద చీకట్లో దూరి బయటికి రాదు. ఊరికే వణుకుతుంది. నిన్న నారాయుడు ఎత్తుకోబోతే కరిచింది. నడిస్తే వెనక కాళ్ళు తూలుతున్నాయి. చివరిగా, పళ్ళెంలో నీళ్ళు పెడితే దగ్గరికి వచ్చి, తల దించబోయి, కేక పెట్టి వెనక్కి పరిగెత్తింది. నీళ్ళంటే భయం.

పిచ్చికుక్క రోగంలో రెండు రకాలు. ఒకటి కనబడ్డవాణ్ణల్లా కరుస్తూ తిరిగేది. రెండోది మూగపిచ్చి: చీకట్లో దూరడం, కాళ్ళు పడిపోవడం, ముట్టుకుంటే కరవడం. ఇంజనీరు గారు చెప్పిన వరస ఈ రెండోదానికి అచ్చు గుద్దినట్టు సరిపోయింది.

నేను గది గుమ్మం దగ్గర నిలబడి చూశాను. గుమ్మానికీ మంచానికీ రెండు గజాల దూరం. చీకట్లో రెండు కళ్ళు మెరిశాయి. తల కదల్లేదు, కళ్ళు మాత్రం నా వైపు తిరిగాయి. గుర్రుమంది. నేను లోపలికి వెళ్ళలేదు. వెళ్ళి చూశానని ఎన్నోసార్లు చెప్పాను గాని, వెళ్ళలేదు. భయం ఒక కారణం. అలసట అంతకన్నా పెద్ద కారణం. ఒక రోగం పేరు చెబితే నన్ను సత్రానికి పోనిస్తారు. ఇంకో పేరు చెబితే పోనివ్వరు. మనిషి అప్పుడు మొదటి పేరే చెబుతాడు.

ఇంజనీరు గారికి కావలసింది కూడా కాగితమే. రేపు ఎవరైనా అడిగితే చూపించాలి కదా. బల్ల మీద కాగితం పెట్టించారు. నేను రాశాను: కుక్క రంగు, జాతి, వయసు, యజమాని, లక్షణాలు, అభిప్రాయం, మూగపిచ్చి అనుమానం, సిఫార్సు, చంపివేయవలెను, సంతకం, హోదా, క్యాంపు ఆకివీడు. చంపాక తల కోసి, మెదడు గ్లిజరిన్ సీసాలో వేసి కూనూరు పరీక్షశాలకి పంపాలని కూడా చెప్పాను. కరిపించుకున్నవాడికి పొట్టలో పధ్నాలుగు సూదులు పడతాయని అన్నప్పుడు నారాయుడు గుమ్మం పట్టుకున్నాడు.

ఇంజనీరు గారి భార్య రాజ్యలక్ష్మి గారు కూడా పడవలోనే ఉన్నారు. కాగితం మీద సిరా ఆరుతుండగా మెల్లగా అడిగారు.

"మీరు దాన్ని ముట్టుకుని చూశారాండీ?"

"ఈ రోగానికి అవసరం లేదమ్మా. చూపు చాలు" అన్నాను.

ఆవిడ నన్ను చూసిన చూపు కూడా చాలినంత ఉంది. నేను బయటికి వచ్చేశాను. లోపల ఇంజనీరు గారు గోడ మీద నుంచి తుపాకి తీస్తున్న చప్పుడు వినబడింది. బాతుల వేటకి తెచ్చుకున్న తుపాకి. భోజనాల వేళ అయ్యాక, పడవ వాళ్ళు దూరంగా వెళ్ళాక, గట్టు అవతలికి తీసుకుపోయి కాల్చాలని అనుకున్నారు. అంటే ఆ కుక్కకి మిగిలింది ఒక భోజనం పట్టేంత సమయం. అది కూడా దాని భోజనం కాదు.

గట్టు మీద పడవ వాళ్ళు అన్నాలు తింటున్నారు. అందరూ గొంతుకూర్చున్నారు. ఒకడు మాత్రం పడవ అంచు మీద సత్తు పళ్ళెం పెట్టుకుని, ఛాతీ ఎత్తున, నిలబడి తింటున్నాడు. పేరు పోలయ్య. యాభై దగ్గర వయసు, లాగుడు తాడు మనుషుల్లో పెద్దవాడు, కొల్లేటి లంక వాడు. నేను అతని వైపు చూడటం చూసి వంటవాడు నవ్వాడు.

"మా పోలయ్య గుర్రం జాతండీ. నిలబడే తింటాడు, నిలబడే నిద్రపోతాడు."

పోలయ్య ఆ మాటకి తల తిప్పలేదు. ఒళ్ళంతా తిప్పి నా వైపు నిలబడ్డాడు. చెయ్యి కడుక్కుని నా దగ్గరికి వచ్చాడు.

"పొట్లకాయని కాల్చేస్తారటండీ?"

అవునన్నాను. పిచ్చి ముదిరిందనీ, నీళ్ళు చూస్తేనే పారిపోతోందనీ చెప్పాను.

పెద్దవాళ్ళ మాటకి అడ్డు చెప్పాలంటే ఆ ప్రాంతం వాళ్ళు ముందు కొంత మౌనం ఖర్చుపెడతారు.

"ఒక్కమాటండీ డాక్టరు గారూ. అది నీళ్ళకి భయపడటం లేదండీ. వంగలేకపోతోందండీ."

"నీకెలా తెలుసు?"

"నేను వంగి నీళ్ళు తాగి రెండేళ్ళయిందండీ."

భుజాన తాడు పడ్డవాడికి మొదట మెడ పడుతుందట, తరవాత నడుం. కింద చెంబు కనబడుతూనే ఉంటుంది, దాహం వేస్తూనే ఉంటుంది, తల దించబోతే కత్తి దిగినట్టు ఉంటుంది. ఆ కుక్క నీళ్ళ పళ్ళెం ముందు నిలబడి కేక పెట్టడం అతను చూశాడు. తనూ మొదటిసారి అలాగే కేక పెట్టానన్నాడు. మరి నిన్ననే ఎందుకు చెప్పలేదని అడిగాను. నన్నెవరూ అడగలేదండీ అన్నాడు. అందులో నిష్ఠూరం లేదు. జరిగిన సంగతి చెప్పాడంతే.

తరవాత జరిగింది నా గొప్ప కాదు. పోలయ్య ఇత్తడి గిన్నెలో నీళ్ళు పోసుకుని పడవ ఎక్కాడు. ఇంజనీరు గారు తూటాల పెట్టె విప్పుతున్నారు. ఆయన ఏదో అనబోయేలోపల రాజ్యలక్ష్మి గారు, "వెళ్ళనివ్వండి" అన్నారు. పోలయ్యకి మోకాళ్ళ మీద కూర్చోవడానికి చాలా సేపు పట్టింది. మంచం కోడు పట్టుకుని, వీపు నిట్టనిలువుగా ఉంచి, కాలువ లాకు తలుపు దించినట్టు కొద్దికొద్దిగా దిగాడు. గిన్నెని నేల మీద పెట్టకుండా కుక్క మూతి ఎత్తున పట్టుకున్నాడు. కుక్క గుర్రుమంది. అతను కదల్లేదు. "తాగు నాయనా. వంగక్కర్లేదు" అన్నాడు.

కుక్క మెడ చాచకుండా ఒక అడుగు ముందుకి వేసి నాలుక పెట్టింది. ఆ తరవాత గిన్నె ఖాళీ అయ్యేదాకా ఆగలేదు. నారాయుడు రెండో గిన్నె తెచ్చాడు.

నేను గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాను. నాకు సిగ్గేసిన కారణం పాఠకులకి చెప్పాలి. పిచ్చి పట్టిన మనిషి నీళ్ళకి భయపడతాడు. పిచ్చి పట్టిన కుక్క భయపడదు. చాలాసార్లు మింగలేకపోయినా మూతి నీళ్ళలో పెడుతుంది. ఇది నాకు తెలియని విషయం కాదు. కాలేజీ పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న వాక్యం. ఊళ్ళో అందరూ నమ్మే మాటని ఇంజనీరు గారు నమ్మితే, ఆయన నమ్మారు కదా అని నేనూ నమ్మాను.

ఇంజనీరు గారు తుపాకి పక్కన పెట్టి నా సర్టిఫికెట్ చేతిలోకి తీసుకున్నారు. "మరి ఇదేమిటండీ?" అన్నారు. అది తాత్కాలిక సర్టిఫికెట్ అని చెప్పాను. మా శాఖలో మొదట తాత్కాలికం, పరీక్ష తరవాత ఖాయం అని రెండు రకాలుంటాయన్నాను. అలాంటిది మా శాఖలోనే కాదు, ఏ శాఖలోనూ లేదు. ఆయనకీ తెలిసే ఉంటుంది. కాగితం నా చేతికిచ్చి, లేచి కిటికీ దగ్గరికి వెళ్ళారు.

అప్పుడు ముట్టుకున్నాను. పద్ధతి చెబుతాను, ఎవరికైనా పనికొస్తుంది. నొప్పి ఎక్కడుందో అక్కడ మొదట చెయ్యి వేయకూడదు. తోక దగ్గర మొదలుపెట్టి, వెన్నుకి ఇరుపక్కలా బొటనవేలూ చూపుడువేలూ ఉంచి, ఒక్కొక్క ఎముక మీద అదే బరువుతో నొక్కుతూ ముందుకి రావాలి. తాడేపల్లిగూడెం సంతలో ఎడ్ల బేరగాళ్ళు ఎద్దు వెన్ను తడిమేటప్పుడు చేసేది ఇదే. వాళ్ళని చూసే నేర్చుకున్నాను, కాలేజీలో కాదు. నడుం దాటి, రెక్కల ఎముకలు దాటి మెడ మొదట్లోకి వచ్చేసరికి వేలి కింద కండ తీగలా బిగిసి చిన్నగా కొట్టుకుంది. పొట్ట చెక్కలా గట్టిపడింది. వెనక పాదాన్ని మడిచి, పైభాగం నేలకి ఆనేలా పెట్టాను. బాగున్న కుక్క ఆ క్షణమే పాదాన్ని తిప్పి సరిగా పెట్టుకుంటుంది. ఇది కుడికాలు వెంటనే తిప్పింది, ఎడమకాలు మూడు లెక్కపెట్టేదాకా అలాగే వదిలేసింది. ఎడమకాలి గోళ్ళు అప్పటికే ఒక పక్క అరిగి ఉన్నాయి. అంటే ఈ ఈడ్పు నిన్నా మొన్నా వచ్చింది కాదు. తోక ఊపింది, మూత్రం వదులుతోంది. అవి మంచి గుర్తులు.

ఇంజనీరు గారికి ఆయన భాషలోనే చెప్పాను. మధ్యలో స్తంభాలు లేకుండా పొడుగాటి వంతెన కట్టారు, రెండు చివర్లా పొట్టి కాళ్ళు పెట్టారు. ఎముకకీ ఎముకకీ మధ్య ఒత్తిడికి ఆగే మెత్తని బిళ్ళలుంటాయి. రోజూ పడవ మీద నుంచి గట్టు మీదికి దూకితే ఏదో ఒక రోజు ఒక బిళ్ళ పిగిలి నరాన్ని నొక్కుతుంది. నొప్పికి వణుకుతుంది, చీకట్లో దాక్కుంటుంది, ఎత్తితే కరుస్తుంది. ఆయన తల ఊపి, స్పాను ఎక్కువైందన్నమాట అన్నారు. బల్లచెక్క వేసేదాకా ఆగకుండా దూకడం దాని అలవాటని రాజ్యలక్ష్మి గారు చెప్పారు. వారం కిందట ఆ దూకడం మానేసి, గట్టు వైపు చూస్తూ నిలబడిందట. బుద్ధి వచ్చిందని అందరూ మెచ్చుకున్నారట.

కొత్త కాగితం రాశాను. ఆరు వారాలు కదలకుండా ఉంచాలి. మూతున్న వెదురు గంపలో, అడుగున గట్టి పరుపు వేసి. మెట్లు, దూకడం లేవు. ఎత్తేటప్పుడు ఒక చెయ్యి ఛాతీ కింద, ఒకటి వెనక కాళ్ళ కింద, పలక మోసినట్టు సమంగా. గిన్నె రెండు ఇటుకల మీద. పూటపూటా వేడి ఇటుక గుడ్డలో చుట్టి కాపడం. కరిచింది కాబట్టి పది రోజులు కనిపెట్టి ఉండాలి. పది రోజులు బతికితే కరిచిననాడు దానికి పిచ్చి లేనట్టే, సూదులక్కర్లేదు. కాల్చేస్తే మాత్రం సూదులు తప్పవు. ఈ చివరి మాట విన్న దగ్గర నుంచి ఆ కుక్కకి నారాయుణ్ణి మించిన కాపలా లేదు. గంప పక్కనే పక్క వేసుకున్నాడు. అది తుమ్మితే నాకు కబురు వచ్చేది. గంప దొరికింది చేపల ఎగుమతి షెడ్డులో. ఆ వాసనకి కుక్క ఒక్కటే సంతోషించింది.

ఆ కాగితంలో చివరి వాక్యం ఒకటి ఉంది: రైలు, మోటారు, ఎడ్లబండి కుదుపు పనికిరాదు, పడవ మీదే, తాడు వదులు కానివ్వకుండా, ఒకే తీరున లాగి తీసుకువెళ్ళవలెను. రైలు కుదుపు కుక్క మెడకి మంచిది కాదన్నది నిజం. బండి కుదుపు నా నడుముకి మంచిది కాదన్నది కూడా నిజం. పడవ తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరు వెళుతుంది. నేనూ ఎక్కవచ్చు. వాక్యం రాస్తున్నప్పుడు ఈ రెండు నిజాల్లో ఏది ముందు తట్టిందో నేను చెప్పను. చెప్పక్కర్లేదు కూడా.

దాంతో పడవ వాళ్ళ వారం సెలవు పోయింది. పడవ నడిపే సరంగు వెళ్ళి వాళ్ళకి చెప్పాడు. పోలయ్య ఇంటికి తీసుకుపోవాలని కట్టుకున్న మూట విప్పి, తాడు తీసుకున్నాడు.

ఆకివీడు నుంచి తాడేపల్లిగూడెం దాకా కాలువల మీద ఎదురు ప్రవాహం. గాలి అనుకూలించలేదు. మూడు రోజులు లాగారు. లాగేవాళ్ళకి ఒక పద్ధతి ఉంటుంది: ఒంటి బరువంతా వేసి ఒక ఊపు లాగి, పడవ ఆ ఊపు మీద జారుతుంటే రెండడుగులు తేలిగ్గా వేస్తారు. ఆ రెండడుగులే వాళ్ళకి విశ్రాంతి. ఊపు ఊపుకీ పడవ ముక్కు చిన్నగా అదురుతుంది. అదరకూడదని నేను రాశాను కాబట్టి ఆ రెండడుగులు తీసేశారు. తాడు ఎక్కడా వదులు కాలేదు. నేను కిటికీ దగ్గర పడక కుర్చీలో కూర్చుని చూశాను. తాడు కొసన ఇద్దరి వీపులు కనబడేవి. ఒక వీపు ఎటూ తిరిగేది కాదు. గట్టు మీద గేదెలు అడ్డం వస్తే రెండోవాడు తల తిప్పి అదిలించేవాడు. పోలయ్య ఆగి, ఒళ్ళంతా తిప్పి, మళ్ళీ ముందుకి తిరిగేవాడు. ఆ లక్షణం నేను అంతకు ముందే గుమ్మం దగ్గర నిలబడి, మంచం కింద చూశాను. పోల్చుకోలేకపోయానని చెప్పడానికి లేదు. పోల్చుకున్నాను. మనుషులు మా శాఖ పరిధిలోకి రారు అనుకుని, కాఫీ తాగాను.

మూడోనాటి మధ్యాహ్నం తాడేపల్లిగూడెంలో దిగాను. పోలయ్య తాడు భుజం మీద నుంచి తీయలేక నిలబడి ఉంటే రెండోవాడు తీశాడు. నేను పక్క నుంచి వెళుతుంటే అడిగాడు.

"తాగుతోందాండీ?"

"తాగుతోంది. అన్నం కూడా తింటోంది. ఇటుకల మీద పెడుతున్నారు."

"ఆయ్. దానికి ఆరు వారాలు ఏదో రాశారటండీ. ఏం మందండీ అది?"

మందు కాదనీ, కదలకుండా పడుకోవడమేననీ చెప్పాను.

పోలయ్య నవ్వాడు. ఎగతాళి కాదు. బాగున్న వస్తువుని చూసి నవ్వినట్టు.

"మంచి మందేనండీ. ఎక్కడ దొరుకుతుందో అడిగి ఉంచండి."

మళ్ళీ తాడు వేశారు. ఏలూరు ఇంకా ముందుంది.

జనవరిలో పని మీద ఏలూరు వెళ్ళినప్పుడు ఇంజనీరు గారి బంగళాకి వెళ్ళి కుక్కని చూశాను. నడుస్తోంది. ఎడమకాలి గోళ్ళు గచ్చు మీద కొద్దిగా గీసుకుంటున్నాయి, అది పోలేదు. నారాయుడు మొరగలేదు. రాజ్యలక్ష్మి గారు కాఫీ ఇచ్చి, "మీ చేతి చలవండీ" అన్నారు. నేను కాదనలేదు. ఆ రోజు కాదనకపోవడం వల్లే ఈ కథ నలభై యేళ్ళు నా పేరున నడిచింది.

మరుసటి ఏడు అదే పడవ గూడెం లాకు దగ్గర కనబడింది. తాడు దగ్గర వేరే మనిషి ఉన్నాడు. పోలయ్య గురించి సరంగుని అడిగాను. తాడు మానేశాడండీ, లంకలోనే ఉంటున్నాడు, వలలు అల్లుతాడు, నిలబడి అల్లుతాడండీ అన్నాడు. అంతకు మించి నేను అడగలేదు. లంకకి ఆ తరవాత పన్నెండుసార్లు వెళ్ళాను. ఏ ఇల్లో కనుక్కోవడం కష్టమేమీ కాదు.

నా టూరు డైరీలో ఆ తేదీ కింద ఇలా ఉంది: కుక్క, ఒకటి, పరీక్షించడమైనది. ఆ తరవాత ఇరవై రెండేళ్ళు సర్వీసు చేశాను. ముట్టుకోకుండా ఒక్క సర్టిఫికెట్ రాయలేదని ఇక్కడ రాసుకోవాలని ఉంది. రెండు రాశాను. రెండుసార్లూ బాగా అలిసిపోయి ఉన్నాను.

నేర్చుకున్నది ఇది. నొప్పి ఉన్న జంతువు చెప్పదు. అంతకు ముందు చేసే పని ఒకటి మానేస్తుంది, దానికి అందరూ ఇంకో పేరు పెడతారు: పొగరు అనో, బుద్ధి వచ్చిందనో, పిచ్చి అనో. కాబట్టి ఏం చేస్తోందని కాక, ఏం మానేసిందని అడగాలి. తిండి మానేసిందంటే గిన్నె ఎంత ఎత్తున పెట్టారో అడగాలి. ముందు గిన్నె ఎత్తి చూడాలి, తరవాతే కాగితం రాయాలి. ఇది నాకు నేర్పినవాడి పేరు పోలయ్య. కథ ఎన్నిసార్లు చెప్పినా ఆ పేరు ఇంతవరకూ చెప్పలేదు.